మొప్ప ఎత్తి చూసిన పిన్నిగారు

మొన్న గురువారం మా కొట్లో నేను "లేదండీ" అన్నాను.

అదీ ఒక విశేషమేనా అంటారేమో. విశేషమే. నరసాపురంలో మాది మ్యాచింగ్ సెంటర్. చీర తెచ్చి బల్ల మీద పరిస్తే దానికి తగ్గ జాకెట్టు ముక్క, లంగా, ఫాల్ తీసిచ్చే కొట్టు. మా నాన్నది కిరాణా కొట్టు, మా తాతదీ అదే. మా వాళ్లలో కొట్టు గడప లోపల 'లేదు' అనే మాట అనకూడదు. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. కొట్లో సరుకు అయిపోతే రేపు దిగుతుందండీ అంటాం. అదీ కుదరకపోతే ఆ రంగు మీకెందుకండీ, ఇది వేసుకోండి, ఇంకా కళగా ఉంటుంది అని ఉన్నదేదో అంటగడతాం. నలభై ఆరేళ్లుగా ఈ నోట్లోంచి ఆ మాట బయటికి రానివ్వలేదు నేను.

మొన్న ఒకావిడ ఉల్లిపొర రంగు చీర తెచ్చింది. దానికి సరిపడే ముక్క నా దగ్గర లేదు. దగ్గరగా ఉన్న గులాబీని లాగడానికి చెయ్యి అలవాటుగా పైఅరకి వెళ్లింది. వెళ్లిన చెయ్యి దించేసి, "లేదండీ, ఈ రంగు నా దగ్గర లేదు, ఎదురు కొట్లో చూడండి" అన్నాను. గల్లాపెట్టె దగ్గర మా ఆయన తల ఎత్తి, దీనికి జ్వరమేమైనా వచ్చిందా అన్నట్టు చూశారు. నాకు మాత్రం అరికాళ్ల నుంచి ఏదో పాకినట్టు ఒకటే హుషారు. శ్రావణమాసం రద్దీలో కూడా అంత హుషారు ఎరగను. ఆ హుషారులోనే పిన్నిగారు గుర్తొచ్చారు. అప్పట్నుంచీ ఆవిడ గురించి ఎవరో ఒకరికి చెప్పకపోతే కాలు నిలవడం లేదు.

ఆవిడ పేరు రాయను. ఆసుపత్రి బెంచీ మీద కలిసిన వాళ్ల పేర్లు బయట చెప్పుకోకూడదని మా ఇద్దరికీ ఒప్పందం. నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను షావుకారమ్మగారూ అనేవారు, సగం మర్యాదకి, సగం వెటకారానికి. ఆవిడది మొగల్తూరు దాటాక సముద్రం ఒడ్డు ఊరు. తెల్లారే సరికి పడవల దగ్గర చేపలు వేలంలో పాడుకుని, ఐసు పెట్టి, ఊళ్లలో అమ్మేవారు. అరవై దాటిన మనిషి. చేతివేళ్లు ఐసులో నాని నాని ముడతలు పడి, బొటనవేలు మాత్రం గట్టిగా, పనిముట్టులా ఉండేది. ఆ బొటనవేలే ఆవిడ అసలు ఆస్తి. ఏ విషయం మాట్లాడుతున్నా దాన్ని గాల్లో పెట్టి ఒక మూత ఎత్తినట్టు ఎత్తేవారు. చేప తాజాదో కాదో చూడాలంటే పైన మెరుపు చూడకూడదట, మొప్ప ఎత్తి లోపల ఎరుపు చూడాలట. మనుషులకీ అంతేనట.

ఆవిడ నా మొప్ప ఎత్తిన సంగతి చెప్పాలంటే ముందు నా జబ్బు చెప్పాలి. రెండేళ్ల కిందట నాకు రంగులు పోయాయి. మిరపపండు ఎరుపు, ఇటుక ఎరుపు, కుంకుమ ఎరుపు, దానిమ్మగింజ ఎరుపు, వీటిని మాట్లాడుతూ మాట్లాడుతూ చూడకుండా అరలోంచి లాగేదాన్ని. అలాంటిది అన్నీ ఒకే ఎరుపు అయిపోయాయి. వంకాయ రంగు అడిగిన వాళ్లకి నేరేడు రంగు కత్తిరించి ఇచ్చేశాను. మ్యాచింగ్ సెంటర్లో ఇంతకంటే పరువు తక్కువ పని ఉండదు. కళ్ల డాక్టరు కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నారు. ఆ తర్వాత ఏ రంగైతే ఏముందిలే అనిపించింది. ఇంకొన్నాళ్లకి, నేనుంటే ఏముంది, లేకపోతే ఏముంది అనిపించడం మొదలైంది. ఈ ఆఖరిది మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి చెప్పలేదు, డాక్టరుకి చెప్పలేదు. ఇప్పుడు మీకు ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే జరిగిందంతా ఆ చెప్పని మాట చుట్టూనే జరిగింది.

భీమవరంలో డాక్టరుగారు ఇది డిప్రెషన్ అన్నారు. మాత్రలు రాసి, మాటల వైద్యం కూడా కావాలమ్మా అన్నారు. నాకు నవ్వొచ్చింది. మాటలు అమ్ముకుని బతికేదాన్ని నేను, నాకే మాటలు అమ్ముతారా? సరే, కొనక తప్పదన్నప్పుడు మా అమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది కదా, మూడు కొట్లు తిరగనిదే చీర కొనకూడదని. నేను మూడు చోట్ల తిరిగాను, అదీ ఒకరికి తెలియకుండా ఒకరి దగ్గరికి.

మొదటిది భీమవరం ఆసుపత్రిలోనే, ఒక సారు. మనసులోకి వచ్చిన ఆలోచనని కాగితం మీద రాయమనేవారు. అది నిజమనడానికి సాక్ష్యాలు ఒక పక్క, కాదనడానికి ఇంకో పక్క. రాశాక రెండూ చూసి, ఆలోచన ఎంత నిలబడుతుందో తేల్చుకోవాలి. మొత్తం పన్నెండు సార్లు రావాలన్నారు. నేను ఊరుకుంటానా? పన్నెండు మరీ ఎక్కువండీ, నరసాపురం నుంచి రావాలి, ఆరింటికి తేల్చెయ్యండి అన్నాను. ఆయన ఏమాత్రం తొణకకుండా, ఎనిమిదోసారి ఎలా ఉందో చూసి అప్పుడు నిర్ణయిద్దామన్నారు. నాలుగు తగ్గించానని రైల్లో ఇంటిదాకా మురిసిపోయాను. తర్వాత తెలిసింది, అందరికీ ఎనిమిదోసారి అలా చూస్తారట. ఆయన నాకు ఫిక్స్‌డ్ రేటు సరుకే అమ్మారు.

రెండోది అదే ఆసుపత్రిలో ఒక మేడం. ఆవిడ దగ్గర గురువారాలు పదిమంది ఆడవాళ్లం గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. దుఃఖమో కోపమో పైకి తన్నుకొచ్చినప్పుడు దాన్ని తొయ్యకండి, వెంట పరిగెత్తకండి, దానికి పేరు పెట్టి, ఊపిరి గమనిస్తూ కూర్చోండి, అదే దిగుతుంది అనేవారు. మరీ తట్టుకోలేకపోతే ఐసు వేసిన చల్లటి నీళ్లలో కాసేపు మొహం పెట్టమనేవారు. మూడోది రాజమండ్రిలో. అక్కడ పెద్దావిడ రాతలూ, ఊపిర్లూ ఏమీ అడగరు. ఎవరితో మాట్లాడటం మానేశారు, ఎవరు దూరమయ్యారు, ఎవరి దగ్గర ఏం ఆశించారు అని అడిగేవారు. ఒక్కో బంధం తాడుని పట్టుకుని ఎక్కడ ముడి పడిందో చూసేవారు.

నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, ఒక కొట్టు ధర ఇంకో కొట్లో చెప్పడం. ఎవరో చెప్పినట్టు, సారు దగ్గర, రాజమండ్రిలో ఇంటికి రాతపని ఇవ్వరటండీ అనేదాన్ని. రాజమండ్రిలో, భీమవరం మేడం ఇంత వెనక్కి తవ్వరటండీ అనేదాన్ని. ముగ్గురికీ నా షోకేసులో బొమ్మలే చూపించాను. మోకాలి నొప్పి, అత్తగారి దెప్పిపొడుపు, వ్యాపారం దిగులు. అసలు సరుకు బల్ల కిందే ఉండిపోయింది. వైద్యం పనిచెయ్యట్లేదని మూడు చోట్లా ఫిర్యాదు కూడా చేశాను.

పిన్నిగారు ఒక గురువారం భీమవరం ఆసుపత్రి బెంచీ మీద నా పక్కన కూర్చుని ఒక కాగితం నా ఒళ్లో పెట్టారు. లోపలికి వెళ్లే ముందు అందరం నింపాల్సిన కాగితం అది. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, గడిచిన వారంలో ఎన్ని రోజులు ఇలా అనిపించింది అని వరసగా ప్రశ్నలు. కళ్లజోడు తేలేదు, కాస్త చదివి పెట్టండి అన్నారు. రెండో వారమూ కళ్లజోడు తేలేదు. మూడో వారం, "కళ్లజోడు లేదండి. చదువూ లేదండి. రెండూ కలిపి ఒకేసారి చెబితే మీరు జాలిపడతారని దాచాను" అన్నారు.

ఆ మొదటి రోజే ఆఖరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నా ప్రమేయం లేకుండా దిగిపోయింది. చచ్చిపోతే బాగుండుననే ఆలోచనలు వస్తున్నాయా అన్నది ఆ ప్రశ్న. దాదాపు ఆవిడ చెవిలో చదివాను. ఆవిడ బెంచీ అంతా వినపడేలా చెప్పారు.

"వత్తాయండి. ఈ వారం రెండు రోజులు వచ్చినియ్యి. ఆదివారం, మంగళవారం. రాయండి."

బుట్టలో ఇవాళ వంజరం చేప ఉంది, చందువా ఉంది అని చెప్పినట్టే చెప్పారు. ఆ మాటని అలా పగటి వెలుతురులో, పదిమంది మధ్య, గొంతు తగ్గించకుండా చెప్పొచ్చని నాకు అప్పటివరకూ తెలియదు. రాశాను. ఆ తర్వాత నా కాగితం తీసుకుని, ఆఖరి ప్రశ్న పక్కన 'అసలు లేదు' అన్న గడిలో ఎప్పట్లాగే టిక్కు పెట్టేశాను.

అప్పట్నుంచి రానూ పోనూ నరసాపురం ప్యాసింజర్లో కలిసి ప్రయాణం. ఆ బండిలో మేం చేసిన చర్చలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఉత్సాహం ఆగదు. ఇద్దరం కలిసి మాటల వైద్యాలన్నింటినీ బల్ల మీద పరిచి రంగులు చూశాం. ఆవిడ సారు దగ్గర ఒక విడత పూర్తి చేసి మేడం గుంపులోకి వచ్చిన మనిషి, కాబట్టి నాకంటే అనుభవం ఎక్కువ. సారు పద్ధతిలో ఆవిడకి బాగా నచ్చింది సాక్ష్యం అడగడం. నేనెవరికీ అక్కర్లేదు అన్న ఆలోచన వస్తే, మరి పొద్దున్న వాకిట్లో నా కోసం నిలబడ్డ పాతిక మంది ఎవరే అని దాన్నే నిలదీసేవారట. కానీ దుఃఖం మీద ఉన్నప్పుడు ఆ పద్ధతి చెయ్యలేమన్నది ఆవిడ వాదన.

"పడవ ఊగతా ఉంటే తక్కెడ పట్టుకుంటే ముల్లు నిలబడుద్దా అండి? ముందు పడవ నిలబడాలి గదా. అందుకు మేడం గారు. పోటు ఎక్కుతున్నప్పుడు సముద్రంతో దెబ్బలాడకూడదు, ఆటు వచ్చే దాకా కూర్చోవాలి. ఇది మాకు తెలిసిందే. మనసులో కూడా ఆటూ పోటూ ఉంటాయన్నదే తెలీలేదు."

అయితే మేడం చెప్పిందంతా ఆవిడ ఒప్పుకునేవారు కాదు. ఊరికే ఊపిరి చూసుకుంటూ కూర్చుంటే రేవుకి ఎవరు వెళ్తారు అనేవారు. ఐసు నీళ్ల సంగతి మొదటిసారి విన్న రోజు ఆవిడ నవ్విన నవ్వుకి గుంపు మొత్తం నవ్వింది, అన్నాళ్లూ నవ్వని ఇద్దరు కూడా నవ్వారు. నలభై ఏళ్లుగా ఐసులో చేతులు పెట్టుకుని బతుకుతున్నదాన్ని, నాకు ఐసు వైద్యమా అని. మరుసటి గురువారం వచ్చి గంభీరంగా నివేదిక ఇచ్చారు. చేతులు పెట్టడం వేరట, మొహం పెట్టడం వేరట. ఐసు చేపకి ఒక రోజు ఆయుష్షు ఇస్తే తనకి అరగంట ఇచ్చిందట. "అరగంట చాలండి. ఈలోపు ఎవరో ఒకరు చేపలకి తలుపు కొడతారు" అన్నారు.

రాజమండ్రి పద్ధతి ఆవిడ నా దగ్గర చేతిబదులు తీసుకున్నారు. ఎవరితో మాట్లాడటం మానేశారు అన్న ప్రశ్న నేను చెప్పగానే వీరవాసరం దాటేదాకా పైట కొంగు మడతపెడుతూ విప్పుతూ ఉన్నారు. తర్వాత ఉప్పాడలో చెల్లెలుందని, పదకొండేళ్లుగా మాటల్లేవని, ఎందుకు మానేశామో ఇద్దరికీ సరిగ్గా గుర్తు లేదని చెప్పారు. వారం తిరక్కుండా ఫోన్ చేశారట. చెల్లెలు ఎత్తి, ఇప్పుడా గుర్తొచ్చాను అని తిట్టి పెట్టేసిందట. తిట్టిందంటే ఎరుపు ఉందండి అని పిన్నిగారు బొటనవేలు ఎత్తి చూపించారు. రాజమండ్రి పెద్దావిడ మొహమైనా చూడకుండా ఆవిడ పొందిన లాభం, నెలనెలా వెళ్లి నేను పొందలేదు. నాకు కాస్త కుళ్లు కూడా కలిగింది.

ఒక గురువారం, వెళ్లేటప్పుడు, పాలకొల్లు దాటాక ఆవిడ నా వైపు తిరిగి కూర్చున్నారు. సమయం పదిన్నర అయి ఉంటుంది. పెట్టెలో ఎండ నిండా పడుతోంది. పక్క సీట్లో ఎవరూ లేరు.

"షావుకారమ్మగారూ, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ కాగితంలో అన్ని ప్రశ్నలకీ మీ చెయ్యి కాసేపు ఆలోచిత్తాది. ఆఖరి దాని దగ్గర మాత్రం చదవకుండానే గీత పెట్టేత్తారు. ఎందుకండి?"

లేదు కాబట్టి లేదని పెడుతున్నాను అన్నాను.

"మీ కొట్లో లేదనే మాట అనకూడదని మీరే గదండి చెప్పారు. పుట్టి బుద్ధెరిగాక అనలేదన్నారు. మరి ఇక్కడ మాత్రం అంత గబుక్కున ఎలా అనగలుగుతున్నారు?"

అని బొటనవేలు గాల్లో పెట్టి, నా దవడ కిందికి తెచ్చి, తాకకుండా, నెమ్మదిగా ఎత్తారు.

నాకు ఒళ్లు మండిపోయింది. చదువురాని మనిషి నా కాగితం చదివేసింది. మీకెందుకండీ అని ఏదో అనబోయాను, నోరు తెరిచేసరికి ఏడుపు వచ్చింది. మామూలు ఏడుపు కాదు, వీరవాసరంలో వేరుశెనక్కాయలు అమ్మే అతను ఎక్కి, నన్ను చూసి, బుట్ట తీసుకుని వచ్చిన దారినే దిగిపోయాడు. పిన్నిగారు ఓదార్చలేదు. ఏడవకండి అనలేదు. కిటికీ చువ్వ పట్టుకుని, తర్వాతి స్టేషన్ ఎంతదూరమో చూస్తున్నట్టు కూర్చున్నారు. కాసేపటికి, మీరు నాకు చెప్పక్కర్లేదు, సారుకి చెప్పండి, నేను బయట ఉంటాను అన్నారు.

ఆ రోజు సారు గదిలో కాగితం ఇచ్చి, "ఆఖరి దానికి ఇన్నాళ్లూ అబద్ధం పెట్టానండి. ఉంది. ఆరు నెలలుగా ఉంది" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశారు. కంగారు పడలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఏమైనా చేద్దామని అనుకున్నారా అని ఒక్కొక్కటే సూటిగా, నెమ్మదిగా అడిగారు. అలా అడుగుతుంటే భయపడాల్సింది పోయి నాకు ఊపిరి ఆడటం మొదలైంది. బల్ల కింద కుళ్లిపోతున్నది బయటికి తీస్తే కొట్టంతా గాలి తిరిగినట్టు. నన్ను అడిగి మా ఆయనకి ఫోన్ చేశారు, డాక్టరుగారిని పిలిచి మాత్రలు మార్పించారు, మేడాన్నీ పిలిచారు. మూడు కొట్లు తిరుగుతున్న సంగతి కూడా అక్కడే ఒప్పేసుకున్నాను. మేడం నవ్వి, తిరగడం తప్పు కాదండీ, ముగ్గురికీ తలో ముక్క చూపించి చీర ఎక్కడుందో చెప్పకపోవడమే ఇబ్బంది అన్నారు. నా భాషలో నన్ను ఓడించిన మనిషి ఆవిడ ఒక్కరే.

ఆ తర్వాత మేడం ఒక కాగితం మీద రాయించారు. ఆ ఆలోచన వస్తే మొదట ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి, అప్పటికీ తగ్గకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఆ వరసలో మొదటి నంబరు ఎవరిదని అడిగితే మా ఆయనది రెండోది అన్నాను. మొదటిది బయట బెంచీ మీద కూర్చుంది అన్నాను. పిన్నిగారిని పిలిచి అడిగితే, సరేనండి, అయితే నా కాగితంలో కూడా ఆవిడ నంబరు వెయ్యండి అన్నారు. తన కాగితంలో ఆ మొదటి గడి అప్పటిదాకా ఖాళీగా ఉందని అప్పుడే తెలిసింది నాకు.

రంగులు ఆ రోజే తిరిగొచ్చాయని చెబితే అది మళ్లీ కొట్టు మాట అవుతుంది. నెలలు పట్టింది. రాజమండ్రి మానేసి, సారు దగ్గర పన్నెండూ పూర్తి చేశాను, తగ్గింపు అడక్కుండా. ఆ ఆలోచన వచ్చిన రోజున రాసేదాన్ని, మరీ ఎక్కువగా వచ్చిన రోజున ఐసు గిన్నె తీసేదాన్ని. రెండుసార్లు పిన్నిగారికి ఫోన్ చేశాను. రెండుసార్లూ ఆవిడ చేపలు తూస్తూనే, బేరం ఆడుతూనే, మధ్యమధ్యలో నాతో మాట్లాడారు. "ఉన్నారా?" "ఉన్నానండి." "ఆ, ఉండండి, ఈవిడకి పీతలు కట్టి వత్తాను." ఫోన్ పెట్టకుండా అలా ఉంచేవారు. ఆ పీతల బేరం మొత్తం వినేసరికి నా పోటు దిగిపోయేది. ఒక పొద్దున చీర విప్పి చూస్తే ఇది మెంతి రంగు, గంధం కాదు అని కంటికి తెలిసింది. ఆ సంబరంలో కొన్నావిడకి ఫాల్ ఊరికే ఇచ్చేశాను. మా ఆయన డాక్టరుకి ఫోన్ చెయ్యబోయారు.

ఇదంతా వింటే పిన్నిగారు ఒడ్డున నిలబడి నాకు చెయ్యందించిన మనిషి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది. అంత బాగా మొప్పలు ఎత్తే మనిషి, ప్రతి వారం ఎన్ని రోజులో లెక్కగా చెప్పే మనిషి, తనకేమవుతుందిలే అనుకున్నాను. అదీ నా తెలివి.

కిందటి శ్రావణంలో, మా గురువారాల గుంపు ముగిసిపోయాక, వరలక్ష్మీ వ్రతం ముందు రోజు. కొట్లో నిలబడటానికి చోటు లేదు. బల్ల అవతల ముప్పై మంది, ముప్పై చీరలు. పదకొండు గంటలకి పిన్నిగారి ఫోన్. వెనక బేరాల గొడవ లేదు. సముద్రం హోరు కూడా లేదు.

"షావుకారమ్మగారూ, ఇయ్యాళ ఉందండి" అన్నారు. అంతే.

కత్తెర బల్ల మీద పెట్టేసి బయటికి నడిచాను. ఎవరో నా ముక్క అన్నారు, ఎవరో నా ఫాల్ అన్నారు. మా ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, నువ్వెళ్లు అని కత్తెర తీసుకున్నారు. ఆయనకి ఆకుపచ్చకీ నీలానికీ తేడా తెలియదు. ఆ రోజు నరసాపురంలో ఎంతమంది ఏ రంగు జాకెట్లతో వ్రతం చేసుకున్నారో అమ్మవారికే తెలియాలి. ఆటో ఎక్కి, దారంతా ఫోన్ చెవి దగ్గర నుంచి తియ్యలేదు. "ఉన్నారా?" "ఉన్నానండి." మొగల్తూరు దాటేదాకా ఇదే మాట. నాకు భయం, దాంతోపాటు చెప్పడానికి సిగ్గుగా ఉన్న ఒక ఉత్సాహం. ఆవిడ పిలిచింది నన్ను. ఇంతమందిలో నన్ను.

అరుగు మీద కూర్చుని ఉన్నారు. ముందు ఐసు తొట్టి. జుట్టంతా తడిసి, మొహం మీంచి నీళ్లు కారుతున్నాయి. పైట కొంగుతో తుడుచుకోవడం కూడా మర్చిపోయారు.

"మూడూ చూశానండి. సారుగారి సాక్ష్యాలు చూశాను, ఒక్కటీ నోరు విప్పట్లేదు. ఊపిరి చూశాను. ఐసు చూశాను, రెండుసార్లు. చెల్లికి చేశాను, ఎత్తలేదు. మూడు కొట్లలోనూ ఇయ్యాళ నా సరుకు లేదండి. అందుకని మిమ్మల్ని పిలిచాను."

నాకేం వైద్యం వచ్చు? రంగులు కలపడం ఒకటే వచ్చు. పక్కన కూర్చుని, ఆ రోజు సారు నన్ను అడిగినట్టే, గొంతు తగ్గించకుండా అడిగాను. ఎప్పట్నుంచి ఉంది, ఏమైనా చేద్దామనుకున్నారా అని. ఆవిడ కూడా గొంతు తగ్గించకుండా అన్నీ చెప్పారు. మేడానికి ఫోన్ చేస్తే, ఒంటరిగా వదలకండి, వెంటనే తీసుకొచ్చెయ్యండి, డాక్టరుగారికి చెప్పి ఉంచుతాను అన్నారు. పిన్నిగారి చెయ్యి పట్టుకుని లేపాను. నేను వచ్చిన ఆటో వెళ్లిపోయింది. రోడ్డు మీదికి వచ్చేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. కాళ్లు ఈడుస్తూ, ఎటు నడిపిస్తే అటు నడిచారు.

ఇంకో ఆటో ఆగింది. భీమవరం అన్నాను. డ్రైవరు నా చీర చూశాడు, పిన్నిగారి తడి మొహం చూశాడు, ఒక ధర చెప్పాడు. ఆ ధర వింటే మా నాన్న స్వర్గం నుంచి దిగివచ్చేవారు. కొత్తిమీర కట్టకి రెండు రెబ్బలు ఎక్కువ అడిగి తీసుకునే వంశంలో పుట్టిన నేను, సరే, పద అన్నాను. ముందు ఆవిడని లోపల కూర్చోబెట్టి, పక్కన నేను ఎక్కాను. ఇంజను మోగింది.

పిన్నిగారి తల కదిలింది. మెల్లగా ఎత్తి డ్రైవరు వీపు కేసి చూశారు.

"ఏంటయ్యా, ఎంతన్నావు?"

అతను మళ్లీ చెప్పాడు.

"భీమారానికా? భీమారం ఏమన్నా సముద్రం అవతల ఉందా? రోజూ ఈ రోడ్డు మీద తిరిగేదాన్ని, నాకు చెప్తావా?" అని ఒక కాలు ఆటోలోంచి కిందికి పెట్టేశారు. బేరం కుదరకపోతే దిగిపోతానని చెప్పే కాలు అది. మా కొట్లో రోజుకి యాభై చూస్తాను అలాంటివి. ఇంత ముద్దొచ్చిన కాలు మాత్రం చూడలేదు.

నేను కిక్కురుమనకుండా కూర్చున్నాను. ఇద్దరూ వాదించుకున్నారు. పెట్రోలు ధర వచ్చింది, గోతులు వచ్చాయి, అతని పిల్లల చదువు వచ్చింది, ఆవిడ నలభై ఏళ్ల ప్రయాణాలు వచ్చాయి. చివరికి అతను చెయ్యి విదిలించి, సరేలే మామ్మా, కాలు లోపల పెట్టు అన్నాడు.

ఆవిడ కాలు లోపలికి తీసుకున్నారు. పైట కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఆటో కదిలాక నా వైపు తిరిగి, చాలా నిరాశగా అన్నారు.

"ఇంత మెతక మనిషివి, కొట్టు ఎలా నడుపుతున్నావే నువ్వు?"